మెడ తిరగనప్పుడు, పిక్క పట్టేసినప్పుడు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా నాయనకు 58 ఏళ్లు. మెడ తిప్పలేడు. వెనకనుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సిందే. వాతమని కొందరు, చిన్నప్పటినుంచి తాగిన బోరునీళ్ల వల్లనని కొందరు అంటున్నారు. ఇప్పుడు నీళ్లు మారిస్తే లాభముంటుందా?
— ఒక పాఠకుడు, కనిగిరి

జవాబు: ఊరిపేరు చూస్తే ముందు ఫ్లోరైడునే అనుమానించాలి. మన దేశంలో ఈ జబ్బు తొలిసారి వైద్యుల లెక్కల్లోకి ఎక్కింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరువే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి.

మెడలో ఏడు పూసలుంటాయి. తల పక్కలకు తిప్పడంలో దాదాపు సగం పని పై రెండింటిదే. మొదటి పూస ఉంగరంలా ఉంటుంది, రెండోదానికి పైకి పొడుచుకొచ్చిన మొన ఉంటుంది. తిరగలి పైరాయి నడిమి మేకు చుట్టూ తిరిగినట్టు ఆ ఉంగరం ఈ మొన చుట్టూ తిరుగుతుంది. పూసలన్నిటినీ కలిపి కట్టేవి లిగమెంట్లు, అంటే గట్టి నారపట్టీలు. మామూలుగా అవి మెత్తగా వంగుతాయి. ఏళ్ల తరబడి ఫ్లోరైడు ఎక్కువైన నీళ్లు తాగితే ఈ పట్టీల్లోకీ, కండలు ఎముకకు అతుక్కునే చోట్లకీ సున్నం చేరి బిగుసుకుపోతాయి. ఎముక కూడా మారుతుంది. దాని ఖనిజంలో కొంత చోటు ఫ్లోరైడు ఆక్రమిస్తుంది, ఎముక కట్టే కణాలు అతిగా పనిచేస్తాయి. ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. చూసి గట్టిపడిందనుకోకండి, లోపల అల్లిక సరిగా లేని ఎముక అది.

ఇంట్లో మూడు పనులు చేయించి చూడండి. మోకాళ్లు వంచకుండా వంగి కాలివేళ్లు ముట్టుకోవాలి. గడ్డం రొమ్ముకు ఆనించాలి. చేతులు పక్కలకు చాపి, మోచేతులు మడిచి, తల వెనక పెట్టుకోవాలి. ఇవి చేయలేకపోతే ఫ్లోరైడే అని తేలిపోదు గానీ, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. అక్కడ మెడతో పాటు ముంజేతి ఎక్స్‌రే కూడా అడగండి. ముంజేతిలో రేడియస్, అల్నా అనే రెండు ఎముకల మధ్య పల్చటి పొర ఉంటుంది. ఫ్లోరైడు జబ్బులో ఆ పొర అంచున సున్నం ముళ్లలా కనిపిస్తుంది. వెన్ను బిగుసుకుపోయే ఇంకో వాతజబ్బు ఉంది. అది ఎక్కువగా 45 ఏళ్లలోపే మొదలవుతుంది, పొద్దున లేవగానే ఎక్కువగా ఉండి తిరిగేకొద్దీ తగ్గుతుంది, నడుము కింద వెన్ను కటి ఎముకతో కలిసే కీళ్లను ముందు పట్టుకుంటుంది. ఈ రెంటికీ వైద్యం వేరు.

నీళ్ల సంగతి. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. పరీక్షకు నీళ్లు గాజుసీసాలో కాకుండా శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో తీసుకెళ్లండి, ఫ్లోరైడు గాజుతో కలుస్తుంది. వాటర్ ప్లాంటువాళ్లు టీడీఎస్ మీటరు ముంచి అంకె చూపిస్తారు. అది నీళ్లలో కరిగిన లవణాలన్నిటి లెక్క, ఫ్లోరైడు ఎంతో దాంతో తెలియదు. కాచినా ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో మాత్రం చాలావరకు తీసేస్తుంది. తాగడానికి క్యాను తెచ్చుకుని, అన్నం పప్పు మాత్రం బోరునీళ్లతో వండే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ ఫ్లోరైడంతా కడుపులోకే పోతుంది. రాగిసంగటి, పాలు, మునగాకు లాంటివి రోజూ పెట్టండి. వాటి కాల్షియం ఫ్లోరైడును పేగుల్లోనే పట్టుకుని కొంత బయటికి పంపుతుంది.

ఇక లాభం. బిగుసుకుపోయిన పట్టీలను మళ్లీ మెత్తబరిచే మందు లేదు. నీళ్లు మారిస్తే ముదరడం తగ్గుతుంది, ఎముకలోని ఫ్లోరైడు ఏళ్లమీద కొంత దిగుతుంది. ఇంట్లో పిల్లలుంటే వాళ్లకోసమైనా ఈరోజే మార్చండి. పెరిగే ఎముక పెద్దవాళ్ల ఎముకకన్నా ఎక్కువ పట్టుకుంటుంది. నాయనకు కాళ్లు తిమ్మిరెక్కడం, నడకలో తూలడం, మూత్రం పట్టు తప్పడం మొదలైతే వెన్నుపాము నలుగుతోందని అర్థం. అప్పుడు ఆలస్యం చేయవద్దు. మెడ విరిపించుకోవడానికి మాత్రం ఎవరి దగ్గరికీ తీసుకెళ్లకండి.

ప్రశ్న: రోడ్డు దాటేటప్పుడు మా పాపను (రెండేళ్లు) చెయ్యి పట్టి లాగాను. అప్పటినుంచి ఆ చెయ్యి కదపడం లేదు. వాపు లేదు. నూనె రాసి తోమమంటున్నారు.
— ఒక తల్లి, కావలి

జవాబు: తోమవద్దు. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో ఇది తరచూ జరిగేదే. మోచేతి దగ్గర రేడియస్ ఎముక తల చుట్టూ ఉంగరంలాంటి పట్టీ ఉంటుంది. ఆ వయసులో అది ఇంకా వదులుగా ఉండటంతో, చాపిన చేతిని గుంజితే జారి కీలు మధ్య ఇరుక్కుంటుంది. పాప చెయ్యి కాస్త మడిచి, అరచెయ్యి కిందికి తిప్పి ఒంటికి ఆనించుకుని ఉంటుంది. డాక్టరు మోచేతి మీద బొటనవేలు ఆనించి, ముంజేతిని లోపలికి పూర్తిగా తిప్పుతారు. చిన్న టక్కుమన్న చప్పుడు, ఓ ఏడుపు, పావుగంటలో బిస్కెట్టు కోసం అదే చెయ్యి చాపుతుంది.

మీరే తిప్పకండి. పాప పడి ఉన్నా, మోచేయి వాచినా ఎముక విరిగి ఉండవచ్చు, అప్పుడు ముందు ఎక్స్‌రే. ఇకమీదట ఎత్తుకునేటప్పుడు చంకల కింద పట్టి ఎత్తండి. అయిదేళ్లొచ్చేసరికి ఆ పట్టీ బలపడుతుంది.

ప్రశ్న: మెటికలు విరిస్తే కీళ్లు అరుగుతాయా?
— ఒంగోలు డిగ్రీ విద్యార్థి

జవాబు: అరగవు. కీలు మధ్య జిగటనీరు ఉంటుంది. వేలు లాగినప్పుడు ఆ ఖాళీలో ఒత్తిడి పడిపోయి గాలిబుడగ ఏర్పడుతుంది, చప్పుడు దానిది. దాదాపు 20 నిమిషాల దాకా అదే వేలు మళ్లీ పలకదు. నొప్పి, వాపు తోడైతేనే చూపించుకోండి. పక్కవాళ్లకు చిరాకు మాత్రం తప్పదు.

ప్రశ్న: నాట్ల కాలంలో రాత్రి రెండింటికి పిక్క రాయిలా పట్టేస్తుంది. అరటిపండ్లు తింటున్నా తగ్గడం లేదు.
— ఒక పాఠకురాలు, కోవూరు

జవాబు: పిక్కలో పైనున్న కండకు రెండు తలలు. రెండూ తొడ ఎముక కింది కొసన పుట్టి, మోకాలు దాటి, మడమ వెనక గట్టి నారపట్టీగా మారి మడమ ఎముకకు చేరతాయి. ఒకే కండ రెండు కీళ్లు దాటుతోందన్నమాట. పడుకున్నప్పుడు పాదం కిందికి వాలితే ఆ కండ కురచబడే ఉంటుంది. పగలంతా బురదలో పాదం పీకి పీకి అలిసిన కండకు నరం నుంచి చిన్న ఆజ్ఞ చాలు, ముడిపడిపోతుంది.

పట్టేసినప్పుడు పిసకడం కన్నా సాగదీయడం మేలు. మోకాలు నిటారుగా పెట్టి, కాలివేళ్లను మీ వైపు లాగి 30 సెకన్లు పట్టుకోండి. చెయ్యి అందకపోతే తువ్వాలు వేసి లాగండి, లేదా లేచి మడమ నేలకానించి నిలబడండి. మోకాలు వంచి లాగితే పై కండ సాగదు.

పడుకోబోయే ముందు గోడకు చేతులానించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా ముందుకు వాలండి. ఒక్కో కాలికి 30 సెకన్ల చొప్పున మూడుసార్లు. అరటిపండు తినడంలో తప్పులేదు, దాంతోనే తగ్గుతుందనుకోకండి. బీపీకి నీరుమాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. ఒక్క కాలే వాచి వేడిగా ఉంటే మాత్రం రక్తనాళంలో గడ్డ ఉందేమో చూడాలి. అలాంటి కాలిని సాగదీయవద్దు, పిసకవద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.