పాఠకుల ప్రశ్నలు: పంజ్‌దే ఎవరిది?

ప్రశ్న: తిరుపతిలో ఉంటూ గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్నాను. 1885లో పంజ్‌దే అనే ఒయాసిస్సు కోసం బ్రిటన్, రష్యా యుద్ధం అంచు దాకా వెళ్లాయని చదివాను. అది నిజానికి ఎవరిది? అంత పెద్ద సామ్రాజ్యాలు ఆ కాస్త నేల కోసం ఎందుకు పట్టుబట్టాయి? యుద్ధం ఎలా తప్పింది?

జవాబు: మీరు అడిగిన వాటిలో మొదటిదే కష్టమైన ప్రశ్న. పడమటి ఆఫ్ఘనిస్తాన్‌లోని హెరాత్ నగరానికి ఉత్తరాన, కుష్క్ నది ముర్గాబ్‌లో కలిసే ప్రాంతంలోని నేల పంజ్‌దే. సారిక్ తెగకు చెందిన తుర్క్‌మెన్లు అక్కడ కాలువల కింద సేద్యం చేసుకుంటూ, రెండు నదుల నడుమ మిట్టల మీద గొర్రెలు మేపుకుంటూ బతికేవారు. హెరాత్‌లో గట్టి పాలకుడు ఉన్న రోజుల్లో పన్ను కట్టేవారు, లేని రోజుల్లో మానేసేవారు. ఆ పన్ను చూపించి ఆఫ్ఘన్లు ఊరు తమదన్నారు. ఇంకా ఉత్తరాన ఉన్న మెర్వ్ ఒయాసిస్సులోని తుర్క్‌మెన్లు తమ పాలన కిందికి వచ్చారు కనుక వారి జాతివారైన సారిక్‌లు కూడా తమవారేనని రష్యన్లు అన్నారు. రెండు వాదనలూ పూర్తిగా అబద్ధం కావు, పూర్తిగా నిలిచేవీ కావు.

తగాదాకు మూలం 1873 నాటి ఒప్పందంలోనే ఉంది. అప్పుడు బ్రిటన్ విదేశాంగ మంత్రి గ్రాన్‌విల్, రష్యా ఛాన్సలర్ గోర్చకోవ్ ఉత్తరాలు రాసుకుని, ఆఫ్ఘనిస్తాన్‌కు ఉత్తర హద్దు ఆము దర్యా అని, ఆ నది మీద ఖ్వాజా సాలేహ్ అనే చోటు దాకా ఆ హద్దు సాగుతుందని ఒప్పుకున్నారు. నది ఉన్నంతవరకు చిక్కు లేదు. అక్కడి నుంచి పడమట పర్షియా సరిహద్దు దాకా ఉన్న వందల మైళ్ల నేల మీద గీత ఎక్కడ పోతుందో ఎవరూ కొలిచి చూడలేదు, ఒక్క హద్దురాయీ పాతలేదు. 1884 ఫిబ్రవరిలో రష్యా మెర్వ్‌ను కలుపుకోగానే ఆ ఖాళీ ఒక్కసారిగా విలువైనదైపోయింది. హెరాత్ చేజిక్కినవారికి కాందహార్ మీదుగా సింధు నది దాకా దారి తెరుచుకుంటుందన్నది లండన్‌లోనూ కలకత్తాలోనూ పాతుకుపోయిన భయం. పంజ్‌దే నుంచి హెరాత్‌కు దారి కుష్క్ లోయ వెంబడే సాగుతుంది.

గీత గీయడానికి ఇరుపక్షాలూ కలిసి కమిషన్ వేసుకున్నాయి. బ్రిటన్ తరఫున సర్ పీటర్ లమ్స్‌డెన్ 1884 చివరికే అక్కడికి చేరుకున్నాడు. రష్యా కమిషనర్ మాత్రం రాలేదు. ఆయనకు బదులు రష్యా సైన్యం ముందుకు జరుగుతూ వచ్చింది. ఆఫ్ఘన్ సైనికులు అంతకుముందే పంజ్‌దేలో దిగి ఉన్నారు. 1885 మార్చి మధ్యలో ఎవరూ ముందుకు కదలకూడదన్న అవగాహన రెండు రాజధానుల మధ్య కుదిరింది. రెండు వారాలు తిరక్కముందే, మార్చి 30న, రష్యా జనరల్ కొమరోవ్ కుష్క్ నదికి పడమటి గట్టున ఉన్న ఆఫ్ఘన్లను వెనక్కి పొమ్మని హెచ్చరించి, వారు కదలకపోవడంతో దాడి చేశాడు. పుల్-ఎ-ఖిష్తీ, అంటే ఇటుక వంతెన, దగ్గర జరిగిన పోరు అది. రాత్రంతా కురిసిన వానకు ఆఫ్ఘన్ల తుపాకిమందు నానిపోయింది. వారివి గొట్టం మూతి నుంచి మందు దట్టించే పాతకాలపు తుపాకులు. వారి వైపు వందల మంది చనిపోగా, రష్యన్ల వైపు మరణాలు పదిపన్నెండుకు మించలేదు.

ఈ కబురు లండన్‌కు చేరడానికి సుమారు వారం పట్టింది. ప్రధాని గ్లాడ్‌స్టన్ యుద్ధోన్మాది అని ఆయన ప్రత్యర్థులు కూడా అనరు. అటువంటివాడు ఏప్రిల్ 27న పార్లమెంటును ఒక కోటి 10 లక్షల పౌన్లు అడిగాడు, అందులో 65 లక్షలు రష్యాతో యుద్ధ సన్నాహానికే. సభ కాదనకుండా ఇచ్చింది. అదే నెలలో బ్రిటిష్ నౌకాదళం కొరియా తీరంలోని పోర్ట్ హామిల్టన్ దీవులను ఆక్రమించింది. అయినా అసలు దెబ్బ కొట్టాలంటే నల్లసముద్రంలోకి నౌకలు పోవాలి. ఆ దారి మూసి ఉంచమని జర్మనీ, ఆస్ట్రియా కూడా చెప్పాయి, తుర్కీ సుల్తాన్ మూసే ఉంచాడు. పార్లమెంటులో ఎంత ఘనంగా ఉపన్యసించినా, రష్యాను ముట్టుకునే చోటు బ్రిటన్‌కు మిగల్లేదన్నది నా అభిప్రాయం.

యుద్ధం తప్పించిన ఘనత ఎక్కువభాగం ఆఫ్ఘన్ అమీర్ అబ్దుర్ రహమాన్‌కు దక్కాలి. ఆయన సరిగ్గా ఆ రోజుల్లోనే రావల్పిండిలో వైస్రాయ్ డఫరిన్‌కు అతిథిగా ఉన్నాడు. చనిపోయినవారు తన సైనికులే అయినా, ఆ వార్తకు వైస్రాయ్ కలవరపడినంతగా అమీర్ కలవరపడలేదు. అంతకుముందు పదకొండేళ్లు రష్యా ఆశ్రయంలో గడిపినవాడు కనుక ఆ సైన్యం సంగతి ఆయనకు తెలుసు. తనకు సాయం చేసే పేరుతో బ్రిటిష్ సైన్యం తన దేశం గుండా నడవడం అంతకన్నా ఇష్టం లేదు. పంజ్‌దే పోయినా ఫరవాలేదు, పర్షియా సరిహద్దు దగ్గరి జుల్ఫికార్ కనుమ మాత్రం తనకు దక్కాలి అన్నాడు. సొంతదారే పట్టు వదిలాక పక్కవాడు కొట్లాడడానికి సాకేముంటుంది? డెన్మార్క్ రాజును మధ్యవర్తిగా పెట్టుకోవాలన్న మాట మే నెలలో నడిచింది. జూన్‌లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం పడిపోయి సాల్స్‌బరీ వచ్చాడు. చివరకు 1885 సెప్టెంబరు 10న లండన్‌లో ఒప్పందపత్రం మీద సంతకాలయ్యాయి: పంజ్‌దే రష్యాకు, జుల్ఫికార్ అమీర్‌కు.

ప్రశ్న: అంతటితో తగాదా తీరిపోయిందా? ఆ హద్దు ఇప్పటికీ ఉందా?

జవాబు: కాగితం మీద తీరింది, నేల మీద మరో రెండేళ్లు పట్టింది. లమ్స్‌డెన్ తరువాత కర్నల్ రిడ్జ్‌వే ఆ పని చేపట్టాడు. జుల్ఫికార్ నుంచి తూర్పుకు రాళ్లు పాతుకుంటూ ఆము దర్యా దగ్గరికి వచ్చేసరికి వింత చిక్కు ఎదురైంది. 1873లో అంత ధీమాగా రాసుకున్న ఖ్వాజా సాలేహ్ అనే ఠాణా అక్కడ లేదు. ఆ పేరును పోలిన ఒక సమాధి ఉంది, పడవల రేవు ఉంది, చుట్టుపక్కల నేలకూ అదే పేరు ఉంది. వీటిలో దేన్ని పట్టుకోవాలన్నదాన్ని బట్టి మైళ్ల కొద్దీ సాగునేల ఇటో అటో పోతుంది. దరఖాస్తులో సర్వే నంబరు ఒకటి, పొలం మీద ఇంకొకటి తేలినట్టన్నమాట. చివరకు 1887 జూలైలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రాజీ కుదిరింది. నది ఒడ్డున ఉన్న ఖమియాబ్ ఆఫ్ఘన్లకే మిగిలింది. దానికి బదులుగా కుష్క్, ముర్గాబ్ నదుల మధ్య పచ్చిక బీళ్లు, పంజ్‌దే సారిక్‌లు తమవని అడుగుతున్నవి, రష్యా వైపు పోయాయి.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయినప్పటి కథలు చిత్తూరు జిల్లా ఇళ్లలో పెద్దవాళ్లు ఇంకా చెబుతారు. అక్కడ హద్దు తేల్చిన మధ్యవర్తి పటాస్కర్, ఒక్కో గ్రామాన్ని ప్రమాణంగా తీసుకుని, ఏ భాష మాట్లాడేవారు ఎక్కువో చూశారు. పంజ్‌దేలో ప్రమాణంగా నిలిచినవి కాలువ, మేత. పద్ధతి వేరైనా, గీత ఇవతల ఇల్లు, అవతల పొలం మిగిలినవాడి కష్టం రెండు చోట్లా ఒకటే.

ఇక మీ రెండో ప్రశ్నకు: ఉంది. ఆ గీతే స్వల్ప మార్పులతో నేటి తుర్క్‌మెనిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్‌ల సరిహద్దు. పంజ్‌దేను ఇప్పుడు తగ్తబజార్ అంటారు.

ప్రశ్న: నేను చిత్తూరులో విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. అంత దూరపు గొడవ మన ప్రాంతాన్ని తాకిందా?

జవాబు: తాకింది, పన్నుల రూపంలో. అప్పుడు చిత్తూరు, తిరుపతి రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవి. ప్రత్యేకంగా చిత్తూరు జిల్లా 1911లో గాని ఏర్పడలేదు. పంజ్‌దే భయంతో భారత సైన్యాన్ని సుమారు 30 వేల మంది మేర పెంచారు, వాయవ్య సరిహద్దుకు రైళ్లు వేశారు. ఖర్చు ఇక్కడి ఖజానాదే. రూపాయి మారకపు విలువ పడిపోవడం, బర్మా యుద్ధం కూడా తోడై 1886లో ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. సేద్యపు రాబడిని వదిలేసి, ఏడాదికి 500 రూపాయలు, ఆపైన సంపాదించేవారి మీద వేశారు. రూపాయికి 4 పైల లెక్కన (అప్పట్లో రూపాయికి 192 పైలు), నెలకు 42 రూపాయల జీతం తెచ్చుకునే కచేరీ గుమాస్తా ఏడాదికి పది రూపాయల ఎనిమిదణాలు కట్టాలి; అంటే వారం రోజుల జీతానికి పైమాటే. అతనికి కుష్క్ నది పేరు కూడా తెలిసి ఉండదు. 1888 జనవరిలో ఉప్పు పన్ను మణుగుకు 2 రూపాయల నుంచి రెండున్నరకు పెరిగినప్పుడు ఆ గుమాస్తాతో పాటు కూలివాడూ కట్టాడు.

దీన్ని గమనించినవారిలో మన ఊరివాడు ఒకాయన ఉన్నారు. చిత్తూరు పక్కన కట్టమంచిలో 1843లో పుట్టిన పనప్పాకం ఆనందాచార్యులు, 1885 డిసెంబరులో బొంబాయిలో జరిగిన తొలి కాంగ్రెస్ సభకు వెళ్లిన 72 మందిలో ఒకరు. పంజ్‌దే పోరు జరిగి తొమ్మిది నెలలు. ఆ సభ చేసిన తీర్మానాల్లో ఒకటి, సైనిక వ్యయాన్ని పెంచాలన్న ప్రతిపాదన అనవసరమని చెప్పింది.