పత్తి తీసే మిషన్ కొనమంటారా?

ప్రశ్న: నేను మారతహళ్ళిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నరసరావుపేట దగ్గర సాగర్ కుడికాలువ కింద మాకు ఆరెకరాల పత్తి ఉంది. తీతకు కూలీలు దొరక్క నాన్న ఒకటే టెన్షన్ పడుతున్నారు. ఆస్ట్రేలియాలో పత్తి తీసే పెద్ద మిషన్ వీడియో చూశాను. మనకు పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఆ వీడియో మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులోనూ తిరిగింది బాబూ. ఈసారి మిషన్ని వదిలేసి చేను చూడండి. మొక్కకు ఆకు లేదు. కాయలు దాదాపు అన్నీ విచ్చే వేళకు ఆకు రాల్చే మందు కొట్టి, ఒక్క తీతతో ముగిస్తారు. గరుకు పళ్లున్న సన్నటి కడ్డీలు తడితడిగా గిర్రున తిరుగుతూ పత్తిని చుట్టి లాగేస్తాయి. పచ్చాకు ఉంటే పత్తికి మరకే.

మన హైబ్రిడ్ మొక్క గుబురుగా పెరుగుతుంది. అడుగున కాయ విచ్చేసరికి పైన ఇంకా పూతే. కాలువలో నీళ్లున్నాయి కదా అని మరో తడి పెడతాం, అది మళ్లీ గూడ (పూమొగ్గ) వేస్తుంది. అందుకే మూడు నాలుగు తీతలు. మొదటి తీతకే ఆ మిషన్ దింపితే మిగతా పంట చక్రాల పాలు. ఆస్ట్రేలియా నమోయి లోయలోదీ నీటిపారుదల సేద్యమే, కానీ అక్కడ ఆఖరి తడి ఎప్పుడో తీతను బట్టే లెక్క. ఇక దాని ధర కోట్లలో మాట, ఆరెకరాలకు ఆ ఊసే వద్దు.

చేత్తో పట్టుకునే బ్యాటరీ మిషన్లు ఉన్నాయి. నేను పట్టి చూశాను, నాకు నచ్చలేదు. ప్రతి కాయ దగ్గరికీ దాని మూతి తీసుకెళ్లాల్సిందే. సగం విచ్చిన కాయైతే దాని చుట్టూ ఉండే ఎండు రేకులూ లోపలికి పోతాయి. మన ఆడకూలీల వేళ్లు ఆ రేకుల్ని వదిలేసి పత్తినే తీస్తాయి.

వచ్చే ఖరీఫ్‌లో ఒక్క ఎకరం దగ్గర సాళ్లలో వేయించండి: 90 సెంటీమీటర్ల సాళ్లు, మొక్కకూ మొక్కకూ 15. ఎకరానికి సుమారు 30 వేల మొక్కలు పడతాయి. విత్తనం ఖర్చు పెరుగుతుంది, తప్పదు. నిటారుగా పెరిగి త్వరగా కాపుకొచ్చే రకమే ఎంచుకోవాలి. ఎత్తు ఆపడానికి మెపిక్వాట్ క్లోరైడ్ వాడతారు, మోతాదు వ్యవసాయాధికారిని అడగండి. కాపు ఒకేసారి వస్తే తీతలు తగ్గుతాయి, చేత్తో తీయించినా కూలి కలిసొస్తుంది. డిసెంబరుకల్లా చేను ఖాళీ చేస్తే కాయ తొలిచే గులాబీ పురుగు బెడదా తగ్గుతుంది.

నవంబరులో మీ బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం (జీకేవీకే) కృషి మేళాకు నాన్నగారిని రమ్మనండి, పనిముట్లు దగ్గరుండి చూస్తారు. మిషన్‌తో తీసిన పత్తి తీసుకుంటారా, చెత్త తీసే క్లీనర్ ఉందా అని మీ జిన్నింగ్ మిల్లులో విత్తనం కొనకముందే కనుక్కోండి.