రహస్య ల్యాబ్ ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మేడమ్, ఇంటర్ బైపీసీ చదువుతున్నాను. హాస్టల్ పిల్లల మీద రహస్యంగా జన్యు ప్రయోగాలు జరిగినట్టు నవల రాస్తున్నాను. ఒక్క ఇంజెక్షన్‌తో తెల్లారేసరికి హీరోయిన్‌కు చీకట్లోనూ చూపు వస్తుంది. ల్యాబ్‌ను యర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల గనిలో పెట్టాను. నమ్మేలా ఉందా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: రాయి తల్లీ, ఆపొద్దు! తెల్లారేసరికి అంటే మాత్రం నమ్మలేను. వారాలు పట్టనీ. ఆ ఎదురుచూపుల్లోనే అసలు టెన్షన్ ఉంది.

రహస్యం మాత్రం కల్పన కాదు. 2018 నవంబరులో చైనా శాస్త్రవేత్త హే జియాన్‌కుయ్, పిండదశలోనే సీసీఆర్5 జన్యువును (హెచ్ఐవీ కణాల్లోకి దూరడానికి వాడుకునే ద్వారం లాంటిది దీనివల్లే తయారవుతుంది) క్రిస్పర్ అనే జన్యువుల్ని కత్తిరించి మార్చే పద్ధతితో మార్చానని, కవల ఆడపిల్లలు పుట్టారని బయటపెట్టాడు. హెచ్ఐవీ సోకకూడదనే చేశానన్నాడు. 2019 డిసెంబరులో కోర్టు మూడేళ్ల జైలుశిక్ష వేసింది. నన్ను ఇప్పటికీ కలచివేసేది ఆ పసిపిల్లల సంగతే. వాళ్ల ఒంట్లో మార్పు చేసేముందు వాళ్లను అడిగే వీలే లేదు కదా! నీ కథకు ప్రాణం అక్కడుంది.

గని వద్దు. శాంపిళ్లకు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు, కోతల్లేని కరెంటు కావాలి. కర్నూలు శివార్లలో మూతపడ్డ కోల్డ్ స్టోరేజీ అనుకో. హాస్టల్లో హెల్త్ క్యాంపు పెట్టించు. హిమోగ్లోబిన్ పరీక్షకు ఊదారంగు మూత గొట్టం ఒక్కటి చాలు, డీఎన్ఏకూ అలాంటిదే వాడతారు. నర్సు రెండో గొట్టం నింపి, పేరుకు బదులు నంబరు అంటించి, జేబులో వేసుకుంటుండగా హీరోయిన్ చూడాలి. అనుమానం అక్కడ మొదలుపెట్టు.