కార్డులు సర్దేటప్పుడు పెద్దసారుకి వేరే గది చూపించు

అమ్మలూ,

పాడేరు వైపు ఆడపిల్లల రక్తహీనత మీద ప్రోగ్రాం నీ చేతికిచ్చారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఆయన గొంతు నిండా గొప్పే. నాకు మాత్రం గొప్పతో పాటు టెన్షన్ కూడా పట్టుకుంది. ప్లాన్ రాసేముందు గ్రూప్ కాన్సెప్ట్ మ్యాపింగ్ చేస్తానన్నావట. అదే, అందరూ చెప్పిన మాటల్ని ఒక్కో కార్డు మీద రాసి, ఎవరికి వాళ్లని కుప్పలుగా సర్దమని, ఆ కుప్పల నుంచి కంప్యూటర్‌తో ఒక పటం గీయించే పద్ధతి. 1989లో కార్నెల్ యూనివర్సిటీ ట్రోచిమ్ గారు దీన్ని ఒక దారిలో పెట్టి రాశారు. కేసుల సెటిల్‌మెంట్ కింద సిగరెట్ కంపెనీలు కట్టిన డబ్బుతో ఏం చెయ్యాలో హవాయి ఆరోగ్య శాఖ దీంతోనే ఆలోచించుకుంది. పద్ధతి మీద నాకే అనుమానమూ లేదు. నా భయమంతా నువ్వు కార్డులు పంచే గది గురించే.

ముందు పనులు నీకు తెలిసినవే. అందరినీ ఒకే వాక్యం పూర్తి చెయ్యమని అడుగు: ‘మా ఊరి ఆడపిల్లలకు ఒంట్లో రక్తం పట్టాలంటే జరగాల్సిన ఒక పని...’ చెప్పిన మాటలన్నీ రాసుకో, ఒకేలా ఉన్నవి కలిపెయ్, వంద దాటనివ్వకు. ‘గుడ్లు సరిగా రావాలి, సెంటర్ రోజూ తెరవాలి’ అని ఒకే కార్డు మీద ఉంటే రెండు చెయ్యి.

ఇక సర్దడం. ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక సంస్థ (పేరెందుకులే) ఇలాగే అంగన్‌వాడీ టీచర్లను మండలం మీటింగ్ హాల్లో కూర్చోబెట్టింది. ఎవరి కార్డుల కట్ట వాళ్లకిచ్చి, ‘మీ మనసుకి దగ్గరివనిపించినవి ఒక కుప్పగా పెట్టండి’ అన్నాం. మా పెద్దసారు ఊరుకోకుండా బల్లల మధ్య తిరగడం మొదలుపెట్టాడు. ఒకావిడ దగ్గర ఆగి, ‘ఏంటమ్మా, జీతాల కార్డు తెచ్చి కూరగాయల కార్డు మీద పెట్టావు? దానికీ దీనికీ ఏం సంబంధం?’ అన్నాడు. కోపంగా కూడా కాదు, నవ్వుతూనే. ఆవిడ గబగబా జీతం కార్డు తీసి ‘జీపు లేదు’, ‘రిజిస్టర్లు ఎక్కువ’ అన్న కార్డుల పక్కన పడేసింది. అది చూసి పక్కావిడ, ఆవిణ్ణి చూసి వెనక బల్లవాళ్లు. అరగంటలో హాలంతా ఒకే రకం కుప్పలు.

సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆవిడనే అడిగాను. ‘కూరగాయలు మేమే కొంటాం మేడం, బిల్లు ఎప్పటికో వస్తుంది. జీతం రాకపోతే కొట్టువాడు అరువివ్వడు. ఆ నెల పప్పులో నీళ్లే’ అంది. ఆ రెండు కార్డుల మధ్య ఉన్న ముడి ఆవిడకు తెలుసు, మాకు తెలీదు. అది తెలుసుకోవడానికే కదా అంత దూరం వెళ్లింది!

పటం మాత్రం చూడముచ్చటగా వచ్చింది. ఇద్దరు ముగ్గురు కాదు, దాదాపు అందరూ ఒకేలా సర్దితే రాకేం చేస్తుంది? ఏ రెండు మాటల్ని ఎంతమంది ఒక కుప్పలో పెట్టారన్న లెక్క మీదే కదా సాఫ్ట్‌వేర్ చుక్కలు పెట్టేది. కాపీ కొట్టారో, ఆలోచించి పెట్టారో దానికేం తెలుస్తుంది? స్ట్రెస్ విలువ (సర్దిన కుప్పలకీ పటానికీ ఎంత తేడా ఉందో చెప్పే అంకె) తక్కువొచ్చిందని మా ఆఫీసులో స్వీట్లు పంచారు. సాధారణంగా 0.28 దగ్గర ఉంటుంది. నీది మరీ తక్కువొస్తే సంబరపడకు, సర్దిన రోజు గదిలో ఎవరెవరున్నారో గుర్తు చేసుకో. ఆ పటం చూసి ‘పోషకాహార నాణ్యత’ అని ఒక చుక్కల గుంపుకి పేరు పెట్టి, టీచర్లకు వంట శిక్షణ పెట్టించారు. తరాల నుంచి వండుతున్న వాళ్లకి!

అందుకే చెబుతున్నా. నీకు చిన్నప్పటి నుంచీ పెద్దవాళ్లకి కాదని చెప్పడం రాదు. ఎవరొచ్చినా లేచి నీ కుర్చీ ఇచ్చేస్తావు. మంచి గుణమే, నేను నేర్పిందే. కానీ ఆ పూట అంగన్‌వాడీలు చూసే ఆఫీసరు సీడీపీవో గారైనా, మీ డైరెక్టరైనా గదిలో ఉండకూడదు. బయట నిలబెట్టమనను. ఆయనకీ ఒక కట్ట ఇచ్చి, వేరే గదిలో టీ పెట్టించి, ‘మీరూ సర్దండి సార్’ అను. లెక్కలో ఆయనా ఒక్కరే, ఆయా ఒక్కరే.

చదువు రానివాళ్లకి ఒక్కొక్కరికే కార్డు చదివి వినిపించాలి. ఇంట్లో కువి (అక్కడి గిరిజనుల భాష) మాట్లాడే పిల్లలుంటే వాళ్ల మనిషినే చదవమను. చదివే మనిషి ‘ఇది అక్కడ పెట్టు’ అనకుండా చూసుకో. ‘ఇతరములు’ అని ఒక కుప్ప చేస్తారు, చెయ్యనివ్వకు. ఎక్కడా ఇమడని కార్డుని ఒంటరిగానే ఉండనివ్వు. రక్తం పట్టడానికిచ్చే నీలం ఐరన్ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోందని పారేస్తున్నామన్న మాట ఏ పిల్లైనా చెబితే, దాన్ని మంచి తెలుగులోకి దిద్దకు.

ముఖ్యమా, వీలవుతుందా అని ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయించేటప్పుడు ఆఫీసర్ల మార్కులు, పిల్లల మార్కులు విడిగా తీసి పక్కపక్కన పెట్టు. గుంపులు ఎన్నో, వాటి పేర్లేమిటో సర్దినవాళ్లనే కూర్చోబెట్టి తేల్చు.

దోమతెర తీసుకెళ్లు. చీకటి పడ్డాక ఘాట్ రోడ్డు ఎక్కకు, జీపు డ్రైవరు ఎంత ధైర్యం చెప్పినా సరే. కార్డులు ప్రింట్‌కి ఇచ్చేముందు ఆ మొదటి వాక్యం నాకు ఒకసారి వాట్సాప్‌లో పెట్టు.

మీ అత్త