ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్న పిల్లవాడు: థెరపీ సెంటర్‌కు డబ్బు కట్టే ముందు

తమ్ముడూ, కందుకూరు నుంచి డాలస్ వచ్చి ఇంకా ఏడాది కూడా నిండలేదన్నారు. చాలా ప్రశ్నలు రాశారు గానీ, అసలు అడుగుతున్నది ఒక్కటే. థెరపీ సెంటర్ వాళ్లు చెప్పిన ప్యాకేజీ క్రెడిట్ కార్డు మీద కట్టేయాలా, లేకపోతే ఆరేళ్ల బాబునీ వాళ్లమ్మనీ ఊరికి పంపేయాలా? ఇప్పటికిప్పుడు ఆ రెండూ వద్దు. కొత్తగా వచ్చిన మనవాళ్లు కంగారులో ముందు డబ్బు కట్టేస్తారు, కాగితాల సంగతి తర్వాత చూసుకుంటారు. ఇక్కడ కాగితం ముందు నడవాలి. మన జిల్లాల కుటుంబాలు ఈ ఊళ్లో చాలానే ఈ దారిలో నిలదొక్కుకున్నాయి. మీరూ నిలదొక్కుకుంటారు, కాస్త చెప్పిన మాట వింటే.

డాక్టరు బాబుకు ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా కూర్చోలేకపోవడం) రెండూ ఉండొచ్చని అన్నందుకు అనుమానపడకండి. 2013కు ముందు డాక్టర్లు వాడే డీఎస్ఎం పుస్తకం ప్రకారం ఆటిజం అని రాస్తే ఏడీహెచ్‌డీ రాయడానికి వీల్లేదు. ఆ ఏడాది వచ్చిన డీఎస్ఎం-5 ఆ అడ్డు తీసేసింది. మీకు కావలసింది ఆ రెండు పేర్లూ రిపోర్టులో విడివిడిగా, కోడ్‌లతో ఉండటం. ఆటిజానికి ఎఫ్84.0, ఏడీహెచ్‌డీకి ఎఫ్90తో మొదలయ్యే కోడ్. ఏబీఏ థెరపీకి, అంటే ప్రవర్తన, నైపుణ్యాలు నేర్పే శిక్షణకు, ఇన్సూరెన్స్ తలుపు తీసేది మొదటిదే, ఏడీహెచ్‌డీ ఒక్కటే రాసుంటే సాధారణంగా తీయదు. మందుల దారి రెండోదానిది. వినికిడి పరీక్ష కూడా చేయించి రిపోర్టు ఫైల్లో పెట్టుకోండి.

ఖర్చు లేని పని స్కూల్లో ఉంది, దాంతో మొదలుపెట్టండి. మీ వీసా ఏదైనా పబ్లిక్ స్కూల్ బాబుకు ఉచితంగా పరీక్ష చేసి, అర్హత ఉంటే ఉచితంగానే సేవలివ్వాలి. కానీ టీచరుతో నోటిమాటగా అంటే గడువు మొదలుకాదు. స్కూల్ డిస్ట్రిక్ట్ స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టరుకు, ప్రిన్సిపాలుకు ఒకే ఈమెయిల్ పెట్టండి: మా అబ్బాయికి అన్ని అనుమానిత రంగాల్లో పూర్తి వ్యక్తిగత మూల్యాంకనం కోరుతున్నాం అని, తేదీతో. టెక్సాస్‌లో వాళ్లు 15 స్కూలు రోజుల్లో జవాబివ్వాలి. మీరు సంతకం పెట్టాక 45 స్కూలు రోజుల్లో రిపోర్టు రావాలి. మినహాయింపులు విద్యాశాఖ సైట్‌లో చూసుకోండి. ముందు కొన్ని నెలలు తరగతిలోనే సాయం చేసి చూద్దాం అంటారు. చెయ్యనివ్వండి, కానీ ఆ పేరుతో మూల్యాంకనం ఆపకూడదు. మర్యాదకు పోయి ఊరుకుంటే విద్యాసంవత్సరం గడిచిపోతుంది. ఇంకో చోట కూడా మనవాళ్లు తేలిగ్గా తల ఊపేస్తారు. 504 ప్లాన్ ఇస్తాం అనగానే సరే అంటారు. అది ముందు బెంచీ, అదనపు సమయం లాంటి సర్దుబాట్లకే. బాబుకు ప్రత్యేకంగా నేర్పించాలంటే ఐఈపీ, అంటే వాడి కోసమే రాసే విద్యా ప్రణాళిక, కావాలి.

టెక్సాస్‌లో ఐఈపీ సమావేశాన్ని ఏఆర్‌డీ అంటారు. స్కూలు ఆటిజం అర్హత ఇస్తే 11 అంశాల పట్టిక ఒకటి చర్చకు రావాలి. అందులో ఇంటి దగ్గర శిక్షణ, తల్లిదండ్రులకు శిక్షణ కూడా ఉన్నాయి. చాలామంది ఆ పేజీ చూడకుండానే సంతకం పెట్టి వచ్చేస్తారు. ఒక్కో అంశం చదివించి, ఎందుకు అవసరం లేదంటున్నారో రాయించండి. బయట డబ్బు పెట్టి కొనే శిక్షణలో కొంత అక్కడ ఊరికే దొరుకుతుంది.

ఇప్పుడు ఇన్సూరెన్స్. మీ కార్డు తీసి చూడండి, ఒక మూల టీడీఐ అనో డీఓఐ అనో అక్షరాలుంటాయి. ఉంటే అది టెక్సాస్ చట్టం కిందికి వచ్చే ప్లాను, ఆటిజం చికిత్సకు రాష్ట్ర చట్టం వర్తిస్తుంది. లేకపోతే చాలావరకు కంపెనీ సొంత నిధితో నడిపే ప్లాను, దానికి రాష్ట్ర చట్టం పట్టదు. అప్పుడు హెచ్‌ఆర్‌ను ప్లాన్ వివరాల పత్రం అడిగి తెచ్చుకుని, ఏబీఏ, స్పీచ్, ఆక్యుపేషనల్ థెరపీ మాటలు వెతకండి. ఫోన్లో కవర్ అవుతుంది అన్న మాటకు విలువ లేదు. తేదీ, మాట్లాడినవాళ్ల పేరు, రిఫరెన్స్ నంబరు రాసుకోండి.

సెంటర్‌కు పైసా కట్టకముందే ప్రయర్ ఆథరైజేషన్, అంటే ఇన్సూరెన్స్ వాళ్ల ముందస్తు అనుమతి, వచ్చిందా అని అడగండి. బాబును మొదట పరీక్షించి చూడటానికి 97151, పిల్లవాడితో చేసే థెరపీకి 97153, తల్లిదండ్రుల శిక్షణకు 97156 కోడ్‌లు వాడతారు. మూడూ మంజూరయ్యాయా, ఎన్ని యూనిట్లు, ఏ తేదీ వరకు అని చూడండి. యూనిట్ అంటే 15 నిమిషాలు. వారానికి 30 గంటలు అంటే ఎందుకని అడగండి. స్కూలుకెళ్లే బాబు ఏ గంటల్లో, ఏ నైపుణ్యం కోసం వస్తాడో కాగితం మీద చూపించాలి. 97156 మాత్రం వదులుకోవద్దు, ఇంట్లో రోజూ బాబుతో ఉండేది మీరే.

డిడక్టబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేలోపు ఏటా మీరే కట్టాల్సింది, 3,000 డాలర్లు అనుకుందాం. నవంబరులో మొదలుపెడితే ఆ 3,000 కట్టేలోపే జనవరి వస్తుంది, లెక్క మళ్లీ సున్నా నుంచి. అందుకని ఖరీదైన పరీక్షలు ప్లాను సంవత్సరం మొదట్లో పెట్టుకోండి, ఔట్ ఆఫ్ పాకెట్ పరిమితి (ఏడాదిలో మీ జేబులోంచి పోయే గరిష్ఠ మొత్తం) దాటిన నెలల్లో థెరపీ గంటలు వాడుకోండి. ఉద్యోగం మారినా ఇదే బాధ: డిడక్టబుల్ మళ్లీ మొదలు, ఆథరైజేషన్ మళ్లీ మొదలు. జీతం నాలుగు డాలర్లు ఎక్కువొస్తుందని కన్సల్టెన్సీ మారేముందు, బాబు థెరపిస్టు కొత్త ప్లాను నెట్‌వర్క్‌లో ఉందో లేదో కనుక్కోండి. డబ్బు గురించే ఇంతసేపు చెబుతున్నానని అనుకోవద్దు. అప్పులపాలైన ఇంట్లో ముందు ఆగిపోయేది థెరపీయే.

ఒంట్లో లోహాలు తీసేస్తామనే కీలేషన్, మూలకణాల ఇంజెక్షన్లు, నెలనెలా వచ్చే సప్లిమెంట్ డబ్బాలు, వీటికి ఒక్క డాలరు కూడా పెట్టకండి. కీలేషన్ వల్ల ప్రాణానికే ప్రమాదం.

ఇంట్లో చేసేదానికి ఖర్చు దాదాపు లేదు. ఈ రెండూ కలిసిన పిల్లల్లో చిక్కు ఏమిటంటే, ఆటిజం రోజూ ఒకే వరస కావాలంటుంది, ఏడీహెచ్‌డీకి అదే వరస నాలుగు రోజుల్లో విసుగొస్తుంది. అందుకే ఎంతో కష్టపడి అంటించిన చార్టు రెండు వారాల్లో పనిచేయడం మానేస్తుంది, పెద్దవాళ్లు చార్టులు దండగ అని తేల్చేస్తారు. వరస మార్చకండి, పైపూత మార్చండి. పొద్దున పనులకు ఐదు ఫోటోలు చాలు: వాడి బ్రష్షు, వాడి చొక్కా, వాడి టిఫిన్ పళ్లెం, వాడి బూట్లు, వాడి బ్యాగు. అయిపోయిన ఫోటో వాడే పీకి డబ్బాలో వేయాలి. పది పన్నెండు రోజులకోసారి డబ్బా, బహుమతి మార్చండి. బహుమతి ఆ క్షణంలోనే అందాలి. ఆదివారం పిజ్జా అన్నది సోమవారం వాడికి అక్కరకు రాదు.

మాట చెప్పే తీరు కూడా చూసుకోండి. బూట్లేసుకో నాన్నా, తొందరగా కానీ, బస్సొచ్చేస్తంది, ఎన్నిసార్లు చెప్పాలి, అదిగో మళ్లీ ఆటలా: ఇది మనకు ఒకే మాట, వాడికి ఐదు కొత్త మాటలు. మొదటిది అర్థం చేసుకునేలోపు రెండోది పడుతుంది. దగ్గరకెళ్లి, బూట్లు చూపించి, "బూట్లు" అని ఒక్కసారి అనండి. మనసులో పది లెక్కపెట్టండి, ఆ పదిలో నోరు తెరవకండి. కదలకపోతే అదే మాట, అదే గొంతుతో. తెలుగులోనే అనండి. రెండు భాషల వల్ల మాట ఆలస్యమవుతుందన్నది నిజం కాదు. మీకు సరిగ్గా రాని ఇంగ్లీషులో లాలించడం కంటే మీ మాటలో నేర్పడమే మేలు.

కూర్చోవలసిన పనికి ముందు పది నిమిషాలు గెంతనివ్వండి, అర గ్యాలన్ పాల డబ్బా వంటింట్లోకి మోయించండి. తిండిలో మొండితనం చాలావరకు వాసన, మెత్తదనం వల్ల వచ్చేదే. చేపల పులుసు వాడు స్కూలుకెళ్లాక కాచి, కిటికీలు తెరిచి పెట్టండి. వాడు తినే దోసెలో కూరగాయల ముద్ద దాచకండి. కనిపెట్టాడంటే ఆ దోసె కూడా మానేస్తాడు.

మందు మొదలైతే, మిథైల్‌ఫెనిడేట్ రకం ఆకలి చంపుతుంది. మాత్రకు ముందే కడుపునిండా టిఫిన్, సాయంత్రం మందు తగ్గాక అసలు భోజనం పెట్టండి. బరువు రాసిపెట్టుకోండి. ఆటిజం కూడా ఉన్న పిల్లల్లో చిరాకు, నిద్రలేమి లాంటివి ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి డాక్టరు చిన్న మోతాదుతో మొదలుపెడతారు, తొందరపెట్టకండి. దీనికి రీఫిల్ ఉండదు, ప్రతిసారీ కొత్త ప్రిస్క్రిప్షన్. ఊరికెళ్లేటప్పుడు ముందుగానే డాక్టరు ఉత్తరం, మందు అసలు సీసాతో సహా తీసుకెళ్లాలి.

అపార్ట్‌మెంట్‌లో ఈతకొలను ఉంటే తలుపుకు అలారం ఈ వారమే బిగించండి. ఆటిజం పిల్లలు చెప్పకుండా జారుకున్నప్పుడు ప్రాణం తీసేది ఎక్కువగా నీళ్లే. ఈత కూడా నేర్పించండి.

ఇక ఊరి సంగతి. నెల్లూరులో సీఆర్‌సీ ఉంది, చెన్నై పక్కన ముట్టుకాడులో నీప్‌మెడ్ ఉంది, రెండూ వికలాంగుల కోసం నడిచే ప్రభుత్వ సంస్థలే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది, జాబితాలో ఏడీహెచ్‌డీ పేరు లేదు. బాబుది భారత పాస్‌పోర్టైతే నిరామయ పథకంలో ఆటిజానికి లక్ష రూపాయల ఆరోగ్య బీమా ఉంది. కానీ స్కూలు మూల్యాంకనం సగంలో ఉండగా పంపితే ఇక్కడి గడువులన్నీ పోతాయి. రిపోర్టు చేతికొచ్చి, ఐఈపీ రాసి, ఆథరైజేషన్ వచ్చి మూడు నెలలు నడిచాక, అప్పటికీ నెలకు ఎంత మిగులుతోందో నాకు లెక్క రాసి పంపండి. ఊరికి పంపాలా వద్దా అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.