మెమ్‌సెట్ కొట్టినంత మాత్రాన కీ చెరిగిపోదు

ప్రశ్న: లినక్స్‌లో స్టోరేజ్ డ్రైవర్ రాస్తున్నాను. ఏఈఎస్-256 గుప్తీకరణ కీని మాడ్యూల్ పారామీటర్‌గా (డ్రైవర్‌ను లోడ్ చేసేటప్పుడు ఇచ్చే విలువగా) తీసుకుని, పని కాగానే మెమ్‌సెట్‌తో సున్నాలు నింపి, కేఫ్రీతో ఆ మెమరీని వదిలేస్తున్నాను. భద్రమేనా?

జవాబు: కాదు. ఇదే ప్రశ్న వేషం మార్చుకుని వస్తూనే ఉంది. మాడ్యూల్ పారామీటర్ అసలు వద్దు. డ్రైవర్‌ను లోడ్ చేసే ఇన్స్‌మాడ్ లైన్ షెల్ హిస్టరీలో మిగులుతుంది. పర్మిషన్ 0444 ఇచ్చారంటే సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ వివరాలను ఫైళ్లుగా చూపే చోట) ఎవరైనా చదువుకోవచ్చు. ఇక మెమ్‌సెట్. ఆ బఫర్‌ను ఇకపై ఎవరూ చదవరని తేలితే కంపైలర్ మెమ్‌సెట్‌నే ఎత్తేయగలదు. స్టాక్ మీద ఉన్నదానికి మెమ్‌జీరో_ఎక్స్‌ప్లిసిట్, కేమాలక్‌తో తీసుకున్న మెమరీకి కేఫ్రీ_సెన్సిటివ్ (పాత కెర్నళ్లలో కేజెడ్‌ఫ్రీ) వాడండి.

అసలు భయం నకళ్లతోనే. మామూలు సాఫ్ట్‌వేర్ ఏఈఎస్‌లో కీని అప్పగించే సెట్‌కీ పిలవగానే మీ 32 బైట్లు 240 బైట్ల రౌండ్ కీలుగా (ఏఈఎస్ ఒక్కో అంచెలో వాడే ఉపకీలుగా) సాగి క్రిప్టో ఆబ్జెక్ట్‌లో తిష్ఠ వేస్తాయి. అందులో మొదటి 32 బైట్లు మీ కీయే! ఎర్రర్ దారిలో ఆ ఆబ్జెక్ట్‌ను తుడిచి వదిలే క్రిప్టో_ఫ్రీ_ఎస్‌కేసైఫర్ మరిచారో, మీ బఫర్ ఎంత తుడిచినా దండగే. రౌండ్ కీల మధ్య ఉండే లెక్కను పట్టుకునే 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు, కరెంటు తీసేశాక కూడా ర్యామ్‌లోంచి కీలు లాగారు. కొన్ని బిట్లు చెదిరినా సరిదిద్దుకోగలిగారు. దొంగకు అంత శ్రమ కూడా అక్కర్లేదు, ర్యామ్‌ను డిస్కులో దాచే హైబర్నేట్ ఇమేజో, కెర్నల్ కూలినప్పుడు మెమరీని రాసిపెట్టే కేడంప్ ఫైలో చిక్కితే చాలు.

కీని కెర్నల్ కీరింగ్‌లో (కెర్నల్ కీలు దాచుకునే చోట) లాగాన్ రకంగా పెట్టండి. యూజర్ ప్రోగ్రామ్‌లు దాన్ని తిరిగి చదవలేవు. పేరులో కోలన్ తప్పనిసరి, ఉదాహరణకు 'డ్రైవర్:డిస్క్0'. కీరింగ్‌లో పెట్టడానికి కీసీటీఎల్ యాడ్ కమాండ్ వద్దు, అందులో రాసిన కీ పీఎస్‌లో (నడుస్తున్న ప్రోగ్రామ్‌ల జాబితాలో) కనబడుతుంది. కీసీటీఎల్ ప్యాడ్ (padd) వాడి పైప్ ద్వారా ఇవ్వండి. డ్రైవర్‌లో వరుసగా: కీని తెచ్చే రిక్వెస్ట్_కీ, సెమాఫోర్ రీడ్ లాక్, పేలోడ్ నల్ కాదని, పొడవు 32 అని తనిఖీ, సెట్‌కీ, అన్‌లాక్, కీని వదిలేసే కీ_పుట్. ఇదంతా కీ పెట్టిన సెషన్ నుంచే వచ్చిన ఐఆక్టిల్‌లో (ప్రోగ్రామ్ డ్రైవర్‌ను పిలిచే కాల్‌లో) జరగాలి. వర్క్‌క్యూలో (పనిని వేరే కెర్నల్ థ్రెడ్‌కు అప్పగించే వరుసలో) పిలిస్తే ఆ థ్రెడ్‌కు మీ సెషన్ కీరింగ్ కనబడదు, ఈనోకీ (కీ దొరకలేదనే ఎర్రర్) వస్తుంది.

చవక సీసీ కెమెరా రికార్డర్ల తయారీదారులు కొందరు ఒకే కీని ఫర్మ్‌వేర్‌లో కాల్చి అన్ని పెట్టెలకూ అమ్ముతారు. ఒక్క ఫ్లాష్ చిప్ చదివినవాడి చేతికి ఊరందరి కీ వచ్చినట్టే. మొదటి బూట్‌లో గెట్_రాండమ్_బైట్స్_వెయిట్‌తో పెట్టెకో కీ పుట్టించడానికి ఏం బద్ధకమో!