పంది మాంసం అంటే అంతా కొవ్వేనా?

గుంటూరు నుంచి వచ్చిన ప్రశ్న: జిమ్ కోచ్ చికెన్ బదులు పోర్క్ తినమంటున్నాడు, అదంతా కొవ్వే కదా అని.

ఏ ముక్క కొట్టించారన్నదాన్ని బట్టి ఉంటుందండీ. వెన్నెముక కింద పొడుగ్గా, మెత్తగా ఉండే కండ పచ్చిది 100 గ్రాముల్లో ప్రొటీన్ సుమారు 21 గ్రాములు, కొవ్వు 2 నుంచి 4 గ్రాములే, అంటే స్కిన్‌లెస్ చికెన్‌కి దగ్గర్లోనే. అదే పొట్ట భాగమైతే కొవ్వు 50 గ్రాములు దాటుతుంది, ప్రొటీన్ 10 కూడా ఉండదు. కొట్లో తోలు, కొవ్వు, కండ కలిపి కొట్టేస్తుంటారు కాబట్టి కత్తి ఎత్తకముందే "వట్టి కండే కావాలి" అని చెప్పండి.

అసలు గొప్ప బీ1 విటమిన్‌ది. ఆ కండలో 100 గ్రాములకి దాదాపు 1 మిల్లీగ్రాము ఉంటుంది, చికెన్, మటన్‌లలో అందులో పదోవంతు దగ్గరే.

ఇక జంతువు సంగతి. పందికి ఆవులా నాలుగు అరల పొట్ట లేదు, మేతలోని కొవ్వు పెద్దగా మారకుండానే ఒంట్లో చేరుతుంది, అందుకే అది ఏం తిని పెరిగిందన్నది చూసుకోవాలి. మొక్కజొన్న, సోయా, తవుడు పెట్టి ఫారంలో పెంచిన తెల్ల సీమపంది వేరు, కాలవల్లో తిరిగే ఊరపంది వేరు. రెండోదాని జోలికి పోవద్దు, బద్దెపురుగు భయం దాంతోనే ఎక్కువ. ఫారందైనా లోపల గులాబీరంగు పోయేదాకా ఉడకాలి, కుక్కర్లో పెట్టేస్తే టెన్షన్ ఉండదు. గోంగూరతో బ్రహ్మాండంగా ఉంటుంది, నూనె మాత్రం చూసుకుని పోయండి.

సాసేజీలు, బేకన్ ఈ లెక్కలోకి రావు, వాటిలో ఉప్పు, కొవ్వు రెండూ ఎక్కువే.